ఎన్ని మొక్కలు నాటాలో మీ ఇంటి నీళ్లే చెప్తాయి

తొలకరి మొదలయ్యిందంటే చాలు, మాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటే. "చేలో ఇల్లు కట్టుకున్నాం అన్నా, చుట్టూ చెట్లు పెడదామని ఉంది, ఏ మొక్కలు తెచ్చుకోవాలి?" అని. నేను తిరిగి ఒకటే అడుగుతా. "మీ ఇంట్లో స్నానాలకి, వంటకి రోజుకి ఎన్ని బిందెల నీళ్లు పోతాయి?" చాలామంది నవ్వుతారు. మొక్కల గురించి అడిగితే స్నానాల గురించి అడుగుతాడేంది అని. కానీ ఈ రెండూ ఒకే లెక్క. పైన వీడియోలో గుంతలు తవ్వడం, మిద్దె మీద చౌడు పరచడం చూపించాం. వీడియోలో అంకెలు చెప్తే ఎవరూ రాసుకోరు కాబట్టి ఆ అంకెలన్నీ ఇక్కడ రాస్తున్నా.

మాది అనంతపురం వైపు ఎర్రనేల. 6 ఎకరాలు, ఒక బోరు. చేలోనే తాతల నాటి మట్టి మిద్దె, దాని పక్కన గానుగ కోసం వేసిన రేకుల షెడ్డు. వేరుశనగ పండించి, గానుగ ఆడించి నూనె అమ్ముకుంటాం. బోరు నీళ్లు పంటకి, పశువులకి సరిపోతే అదే గొప్ప. చెట్లకి మళ్లీ బోరు మీదే ఆధారపడితే ఏప్రిల్ వచ్చేసరికి చెట్టు ముఖ్యమా పశువు ముఖ్యమా అని కూర్చోవాల్సి వస్తుంది. అందుకే ఇంటి చుట్టూ చెట్లని బోరుతో సంబంధం లేకుండా పెంచాలని పెట్టుకున్నాం.

ముందు నీళ్ల లెక్క

ఒక మాట గుర్తు పెట్టుకోండి. మొక్కని నాటేది వానల్లోనే గానీ, అది చచ్చేది వానల్లో కాదు. ఫిబ్రవరి నుంచి రోహిణి కార్తె దాకా ఉండే నాలుగు నెలల్లో. కాబట్టి జులైలో ఎన్ని గుంతలు తవ్వగలం అన్నది లెక్క కాదు. ఏప్రిల్‌లో ఎన్ని మొక్కలకి నీళ్లు పోయగలం అన్నదే లెక్క.

మా ఇంట్లో నలుగురం. స్నానాల నీళ్లు, వంటింటి నీళ్లు రెండూ ఒక డ్రమ్ములో పడేట్టు పెట్టి వారం రోజులు కొలిచాం. రోజుకి 120 లీటర్ల చిల్లర వచ్చింది. ఎర్రనేలలో మొదటి ఏడాది మొక్కకి ఎండాకాలంలో వారానికి కనీసం 20 లీటర్లు ఇవ్వాలి. అంటే రోజుకి 6 మొక్కలు, వారానికి 42. మేము 40 పెట్టుకున్నాం.

ఇంకో రకంగా చూడండి. ఫిబ్రవరి మొదటి నుంచి మృగశిర దాకా సుమారు 18 వారాలు. ఒక్కో మొక్కకి 360 లీటర్లు. 40 మొక్కలకి 14,400 లీటర్లు. అదే ఉత్సాహంగా 150 మొక్కలు పెట్టారనుకోండి, 54,000 లీటర్లు కావాలి. 5,000 లీటర్ల ట్యాంకర్లు 11 తోలించాలి. అది ఒక్క ఏడాదికి. రెండో ఏడాది కూడా పోయాలి. ట్యాంకర్ రేటు మీ ఊళ్లో ఎంతో మీకే తెలుసు, లెక్క వేసుకోండి.

వారానికి 20 లీటర్లు అన్నది మొక్క బతకడానికి సరిపోయే నీళ్లు. విపరీతంగా పెరగడానికి కాదు. కింద చెప్పే ఆచ్ఛాదన లేకపోతే ఇది కూడా చాలదు.

ఇంటి నీళ్లు వాడేటప్పుడు జాగ్రత్తలు ఉన్నాయి. బట్టల సోడా, డిటర్జెంట్ పౌడర్ ఉన్న నీళ్లు ఈ డ్రమ్ములోకి రానీయకండి. వాటిలో సోడియం ఎక్కువ, నేలని మెల్లగా చౌడు చేస్తుంది. బట్టల నీళ్లకి వేరే కాలువ పెట్టి గడ్డి మడికి తిప్పేశాం. ఫినాయిల్, యాసిడ్ పోసి కడిగిన నీళ్లు అసలే వద్దు. మరుగుదొడ్డి నీళ్లు పూర్తిగా వేరు. డ్రమ్ముకి ముందు చిన్న గుంతలో కంకర, దాని మీద కొబ్బరి పీచు వేస్తే జిడ్డు, మెతుకులు అక్కడే ఆగిపోతాయి. పీచు వారానికి ఒకసారి మార్చాలి. నీళ్లు మాత్రం ఏ రోజువి ఆ రోజే పోసెయ్యాలి. "ఇంటి ముందర కంపు కొడితే ఊరుకోను" అని మా అమ్మ ముందే చెప్పింది. రెండో రోజుకి ఉంచితే కంపూ వస్తుంది, దోమలూ వస్తాయి. ఈ నీళ్లు ఆకుకూరలకి పోయకండి, చెట్ల పాదులకే.

వాన మన దగ్గర ఎప్పుడు నిలకడగా వస్తుంది

అనంతపురం ప్రాంతంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గర. నైరుతి మబ్బులు పడమటి కనుమల అవతలే చాలా వరకు కురిసి మన దగ్గరికి ఖాళీగా వస్తాయి. ఈశాన్య రుతుపవనాలు కోస్తాకి ఇచ్చినంత మనకి ఇవ్వవు. మనకి ఎక్కువ వాన పడేది సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో. జూన్, జులైలో పడేది పైపైన తడిపి పోతుంది. పైగా ఆ రెండు నెలలూ పడమటి గాలి విపరీతం. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. లేత మొక్కకి కింద తడి తక్కువ, పైన గాలి ఎక్కువ అయితే ఆకుల్లోని నీళ్లన్నీ గాలి లాగేసుకుంటుంది.

అందుకని మేము నాటడాన్ని రెండు విడతలుగా పెట్టుకుంటాం. వేప, కానుగ లాంటి మొండి చెట్లు తొలకరిలో మంచి పదును వర్షం పడగానే. మామిడి అంట్లు, నిమ్మ, జామ లాంటివి ఉత్తర కార్తెలో, అంటే సెప్టెంబర్ 13 ప్రాంతం నుంచి. హస్త వానలు కూడా అందుతాయి, గాలి తగ్గి ఉంటుంది, వేరు పట్టుకుంటుంది. కోస్తాలోనో, ఉత్తర తెలంగాణలోనో ఉన్నవాళ్లకి జూన్ చివర, జులైలోనే మంచి వానలుంటాయి. వాళ్లు మా కార్తెలు పట్టుకోవద్దు, మీ ఊరి వాన చూసుకోండి.

రోహిణిలో ఇంటి పని

మొక్కల పని కంటే ముందు ఇంటి పని. రోహిణి ఎండలు వృథా పోనీయకూడదు.

మట్టి మిద్దె ఉన్నవాళ్లు ముందు పైకెక్కి చూడండి. మన పెద్దలు మిద్దె మీద చౌడు మన్నే ఎందుకు వేశారంటే, చౌడులో సోడియం ఉంటుంది. తడి తగలగానే ఆ మన్ను సన్నని రేణువులుగా విడిపోయి సందులన్నీ మూసేస్తుంది, నీళ్లు కిందికి దిగవు. పంటకి పనికిరాని గుణమే మిద్దెకి పనికొస్తుంది. డిప్లొమాలో చౌడు నేలల పాఠం చదివేటప్పుడు నాకు మా మిద్దే గుర్తొచ్చేది.

కానీ ఏటా పాతదాని మీదే కొత్త చౌడు వేసుకుంటూ పోవడం ప్రమాదం. 100 చదరపు అడుగుల మిద్దె మీద ఒక అంగుళం మన్ను పరిస్తే దాదాపు 400 కిలోల బరువు. 300 చదరపు అడుగుల మిద్దె అయితే 1,200 కిలోలు. మూడేళ్లు అంగుళం అంగుళం వేస్తే మూడున్నర టన్నులు దాటుతుంది. తడిస్తే ఇంకా ఎక్కువ. ముసురు పట్టి మూడు నాలుగు రోజులు ఆగకుండా కురిసినప్పుడు పాత మిద్దెలు కూలేది చాలా వరకు ఈ బరువుకే, కింద చెదలు తిన్న దూలాలకే. కాబట్టి ముందు పాత మన్ను గీకి దింపండి, తర్వాత కొత్తది పలచగా పరచండి. వాలు తూము వైపు ఉండాలి. లోపలికి వచ్చి దూలాల్ని, దంతెల్ని సుత్తితో తట్టి చూడండి. బోలు శబ్దం వస్తే మార్చాల్సిందే. ముసురులో ఆ గదిలో ఎవర్నీ పడుకోబెట్టకండి. చెక్కకి జీడి నూనె పూస్తే చెదలు దగ్గరికి రావు. చేతులకి తగిలితే మాత్రం పొక్కులొస్తాయి, గుడ్డలు చుట్టుకుని పూయండి.

గోడల సందుల్లో పిట్టలు వేసిన రావి, జువ్వి మొలకలు ఉంటే వేలెడు ఉన్నప్పుడే వేరుతో సహా పీకేయండి. ఒక్క వానాకాలం వదిలేస్తే గోడ చీలుస్తుంది.

మిద్దె మీంచి దింపిన పాత చౌడు మన్ను మొక్కల గుంతల్లో వేయకండి. మన్నే కదా అని చాలామంది అక్కడే పోసేస్తారు. అది వేస్తే మొక్క వేరు ఊపిరాడక పోతుంది. దాన్ని బాటలో గుంతలు పూడ్చడానికి వాడుకోండి. కొత్త చౌడు వేసిన మిద్దె తూము నీళ్లు కూడా మొదటి వానల్లో మొక్కల వైపు రానీయొద్దు.

మాకు పనికొచ్చే వాన నీళ్లు రేకుల షెడ్డు మీంచి వచ్చేవి. ఈ లెక్క చాలా తేలిక. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మా షెడ్డు 600 చదరపు అడుగులు, అంటే 56 చదరపు మీటర్లు. 20 మిల్లీమీటర్ల వాన ఒక్కటి పడితే 1,120 లీటర్లు. ఆవిరి, చిందులు తీసేస్తే 900 చేతికొస్తాయి. ఏడాది మొత్తం మీద 24,000 లీటర్ల పైనే. రేకుల అంచుకి దోనె బిగించి 10,000 లీటర్ల సంపులోకి వదిలాం. రోహిణిలోనే దోనెలో ఆకులు తీసి, సంపు కడిగి, మూత చూసుకోవాలి. మొదటి వాన నీళ్లు దుమ్ముతో వస్తాయి, వాటిని బయటికి వదిలేసి తర్వాత సంపుకి తిప్పుతాం. సంపు నిండాక పొర్లే నీళ్లు ఇంటి పునాది వైపు కాకుండా చెట్ల వరస వెంట తవ్విన కందకంలోకి పోతాయి. ఆ సంపు మా ఎండాకాలం బీమా. పెళ్లికో, తిరునాళ్లకో ఇంటిల్లిపాదీ ఊరెళ్తే ఆ రోజుల్లో ఇంటి నీళ్లు ఉండవు కదా, అప్పుడు పక్కింటివాళ్లు సంపులోంచి తోడి పోస్తారు.

గుంతలు ఎండలోనే

గుంతలు కూడా వానకి ముందే. మే నెలలో తవ్వి రెండు మూడు వారాలు ఎండకి వదిలేస్తే పురుగుల గుడ్లు, కలుపు వేర్లు చస్తాయి. మామిడికి మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు. జామ, నిమ్మ, ఉసిరికి 60 సెంటీమీటర్లు. వేప, కానుగకి 45 చాలు. తవ్వేటప్పుడు పై అడుగు మన్ను ఒక పక్క, కింది మన్ను ఇంకో పక్క పోయించండి. పూడ్చేటప్పుడు పై మన్ను కిందికి వెళ్లాలి, ఎందుకంటే సారం దానిలోనే ఉంటుంది.

గుంతకి రెండు మూడు కిలోల ఘనజీవామృతం, ఒక కిలో వేప పిండి కలుపుతాం. ఘనజీవామృతానికి 100 కిలోల ఆవు పేడ, కిలో బెల్లం, కిలో శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి, కలపడానికి సరిపడా ఆవు మూత్రం. నీడలో ఆరబెట్టి బస్తాల్లో పెట్టుకోవచ్చు. పచ్చి పేడ, సగం మాగిన ఎరువు మాత్రం గుంతలో వేయకండి. ఎర్రనేలలో చెదలు దాని కోసమే వస్తాయి, వచ్చాక వేరు కూడా తింటాయి.

ఏ చెట్టు ఏ పక్కన

మన దగ్గర గోడని కాల్చేది పడమటి ఎండ. కొట్టేది కూడా పడమటి గాలే. కాబట్టి పెద్ద చెట్లు పడమర, దక్షిణం. వాస్తు చూసేవాళ్లు కూడా బరువైన చెట్లు అటువైపే ఉండాలంటారు కాబట్టి ఇంట్లో గొడవ రాదు.

పడమరకి మా ఎంపిక వేప, కానుగ. రెండూ మాఘ, ఫాల్గుణ మాసాల్లో ఆకు రాల్చి ఉగాది నాటికి చిగురు తొడుగుతాయి. సరిగ్గా ఎండ ముదిరే సమయానికి నిండు నీడ. రాలిన ఆకు ఆచ్ఛాదనకి పనికొస్తుంది. గోడ నుంచి కనీసం 6, 7 మీటర్ల దూరం ఉండాలి. రావి, మర్రి, జువ్వి మీద భక్తి ఉంటే చేను గట్టున పెట్టుకోండి, ఇంటికి 15 మీటర్ల లోపల వద్దు. మునగ గాలికి పుటుక్కున విరుగుతుంది, రేకుల మీదికి, కరెంటు తీగల మీదికి రాకుండా చూసుకోవాలి. కొబ్బరి కూడా ఇంటి మీదికి వంగేంత దగ్గర పెట్టొద్దు.

తూర్పు, ఉత్తరం తేలిగ్గా వదలండి. అటువైపు కరివేపాకు, నిమ్మ, జామ, దానిమ్మ. డ్రమ్ము పొర్లే చోట అరటి. అక్కడ తడి ఎప్పుడూ ఉంటుంది, దానికి కావాల్సింది అదే. మామిడి పెట్టేవాళ్లు చెట్టుకీ చెట్టుకీ 8 నుంచి 10 మీటర్లు వదలాలి. చిన్నప్పుడు ఖాళీగా కనపడుతుంది. ఆ ఖాళీలో వాన పడగానే నవధాన్యాలు చల్లేస్తే నేల కప్పేస్తాయి.

నాటే రోజు, నాటాక

వాన పడిందని పరుగెత్తకండి. గుంత పక్కన గడ్డపార దించి చూడండి. మూరెడు లోతు తడి ఉంటేనే నాటండి. సాయంత్రం పూట నాటడం మంచిది. కవరు కోసి తీసేయండి, కవరుతో సహా పాతిపెట్టకండి. అడుగున వేర్లు చుట్టలు చుట్టుకుని ఉంటే ఆ చుట్టలు కత్తిరించండి. అంటు మొక్కకి అంటు కట్టిన చోటు నేలకి బెత్తెడు పైన ఉండాలి. కర్రని పడమటి వైపు పాతి ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టాలి. బిగించి కడితే గాలికి బెరడు ఒరుసుకుపోతుంది.

పాదు మీద నాలుగు వేళ్ల మందం ఆచ్ఛాదన. కొర్ర గడ్డి, ఎండుటాకు, వేరుశనగ పొట్టు ఏదైనా పర్వాలేదు. మొదలుకి మాత్రం జానెడు దూరం వదలాలి. ఆనించి వేస్తే చెదలు మొదలు మీదికే ఎక్కుతాయి. పదిహేను రోజులకి ఒకసారి జీవామృతం, పాదుకి ఒక లీటరు. 200 లీటర్ల నీళ్లకి 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు మట్టి. నేల తడిగా ఉన్నప్పుడే పోయాలి.

నిమ్మ, జామ పాదుల్లో మట్టి కుండలు పాతాం. 7 లీటర్ల కుండ, మెడ దాకా భూమిలో, పైన మూత. కుండ గోడ చెమ్మగిల్లుతూ వేరు దగ్గరే తడి ఇస్తుంది. దీంట్లో సంపు నీళ్లే పోయాలి. స్నానాల నీళ్లు పోస్తే జిడ్డుకి కుండ రంధ్రాలు మూసుకుపోతాయి.

ఇక మేకలు. కరువు కంటే ఎక్కువ మొక్కల్ని మేకలే తిన్నాయి. ప్రతి మొక్కకి జాలి కంప గుండ్రంగా కట్టండి. చుట్టూ గెనిమ మీద వాక్కాయ, కిత్తనార వరసగా పెడితే కొన్నేళ్లకి అదే కంచె అవుతుంది.

చేనంతా చెట్లు కావాలంటే

మా నాయనకి ఈ 40 లెక్క నచ్చలేదు. "శెనక్కాయ ఏటా ఏడిపిస్తాంది. ఉండే 6 ఎకరాలూ చెట్లు పెట్టేద్దామంటే నలబై అంటావేందిరా?" అన్నాడు. ఆయన బాధలో న్యాయం ఉంది. వాన నమ్ముకుని ఏటా విత్తనం కొనే రైతుకి చెట్టు ఒక ధైర్యం. అందుకే రెండు ఖాతాలు పెట్టుకున్నాం. నీళ్లు పోసి పెంచేవి 40, ఇంటి చుట్టూ. నీళ్లు అడగనివి ఎన్నైనా, గెనిమల మీద, కానీ మొక్కలుగా కాదు, విత్తనాలుగా.

కవర్లో పెరిగిన మొక్కకి తల్లివేరు అడుగున మడత పడుతుంది. నేలలోనే మొలిచిన విత్తనం ముందు వేరు కిందికి దించి, తర్వాత పైకి లేస్తుంది. పైన జానెడు కనపడేసరికి కింద అంతకంటే లోతుకి పోయుంటుంది. వేప పండ్లు జూన్, జులైలో రాలతాయి. వేప గింజకి మొలక శక్తి కొన్ని వారాలే ఉంటుంది కాబట్టి ఏరిన వెంటనే గుజ్జు కడిగి, బీజామృతంలో ముంచి విత్తేయాలి. కానుగ, సీతాఫలం, చింత, నేరేడు గింజలు కూడా గెనిమల మీద విత్తుకోవచ్చు. ఒక్కో చోట మూడు నాలుగు గింజలు, కంప నీడన. అన్నీ బతకవు. బతికినవి మాత్రం మన నీళ్లు అడగకుండా బతుకుతాయి. మా నాయన ఇప్పుడు పొద్దున చేను చుట్టి వచ్చేటప్పుడు జేబులో గింజలు లేకుండా పోడు.

చివరగా, ఈ ఏడాదికి పని వరస. రోహిణిలో మిద్దె, దోనె, సంపు, గుంతలు. మృగశిర, ఆరుద్రల్లో వేప, కానుగ మొక్కలు, గెనిమల మీద గింజలు. ఉత్తర, హస్తల్లో పండ్ల మొక్కలు. వానలు వెనకబట్టాక పాదులు సరిచేసి ఆచ్ఛాదన మందం చేయడం. ఫిబ్రవరి నుంచి రోజుకి 6 మొక్కలు, తప్పకుండా.

నర్సరీకి వెళ్లే ముందు ఒక వారం మీ ఇంట్లో డ్రమ్ము పెట్టి కొలవండి. రోజుకి వచ్చిన లీటర్లని 7తో గుణించి 20తో భాగించండి. వచ్చిన అంకె ఎంతో అన్ని మొక్కలే కొనండి. అంకె చిన్నదని బాధపడకండి. అయిదేళ్ల తర్వాత లెక్కలోకి వచ్చేది నాటిన మొక్కలు కాదు, నిలబడిన చెట్లు.